కొమ్మ ముక్క

అక్కకు కోపం వస్తే ఆ సంగతి ముందు ఆమె చెప్పులకు తెలుస్తుంది. ఆ పొద్దున టపటపమంటూ వీధి మొదటినుంచీ వస్తున్న చప్పుడు విని కలప కర్మాగారం గేటు కాపలావాడు ఎవరు కావాలని కూడా అడగలేదు, పక్కకు తప్పుకున్నాడు. భుజాన సంచి, సంచిలో పాత పేపరులో చుట్టిన చెక్క ముక్క, మొహం నిండా అగ్గి. అలాంటప్పుడు అడిగినవాడిదే తప్పవుతుంది.

కోపానికి కారణం లేకపోలేదు. ఆమె తమ్ముడు ఆ కర్మాగారంలో వేడిగది చూసుకుంటాడు. పచ్చి పలకలను వరసలుగా పేర్చి, తలుపు బిగించి, రోజుల తరబడి కొంచెం కొంచెంగా వేడి పెంచుతూ వాటిలోని చెమ్మ లాగేసే గది అది. మొన్న ఆ తలుపు తీస్తే లోపలి సరుకంతా మెలికలు తిరిగి, పైన ఎత్తుపల్లాలు తేలి బయటపడింది. బడికి బల్లలు చేయాల్సిన గట్టి కలప. తప్పంతా వేడిగదివాడిదేనని ఫోర్‌మన్ అన్నాడట. ఏ మూలో కునుకు తీసుంటాడని కూడా అన్నాడట. ఉద్యోగం ఊడిపోయేలా ఉందని మరదలు నిన్న సాయంత్రం కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది.

అమ్మ పోయాక ఆ తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది అక్కే. వాడు పరీక్ష తప్పితే మాస్టారుతో పోట్లాడింది అక్కే, వాడి పెళ్ళికి పిల్లను చూసింది అక్కే. వాడి మీద ఈగ వాలితే ఆమె లెక్కలో ఈగదే తప్పు.

పైగా కలప గురించి ఆమెకు ఒకరు చెప్పేది లేదు. అటవీ కళాశాల ప్రయోగశాలలో చెక్కను ఉల్లిపొరకంటే పలచగా చెక్కి, రంగులద్ది, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటమే ఆమె ఉద్యోగం. ఏళ్ళ తరబడి అన్నం దగ్గర కూడా ఆ కబుర్లే. అందుకే నిన్న తమ్ముడు మెల్లగా ఒక చెక్క ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "వాలు చెట్లు కొనుక్కొచ్చిందక్కా ఆ దుంగల పిన్ని. నువ్వు చెప్పే నూగు చూడు, దూదిలా లేస్తోంది. నేను మాత్రం ఏం చేసేది?" అన్నాడో లేదో, అక్కకు మిగతాది వినాల్సిన పని లేకపోయింది.

యజమాని గదిలో ముగ్గురున్నారు. బల్ల వెనక యజమాని, కిటికీ దగ్గర ఫోర్‌మన్, తలుపు పక్కన గోడకు జారబడి దుంగల పిన్ని. ఊరూరా తిరిగి తోటల్లో చెట్లు ఎంచి కొనేది ఈ పిన్నే. నచ్చిన చెట్టు మీద ముద్ర కొట్టే సుత్తి ఎప్పుడూ ఆమె నడుముకు వేలాడుతుంటుంది. నోరు పెద్దది. తమ్ముడి పెళ్ళిలో "పెళ్ళికొడుకు చెయ్యి ఇకనైనా వదులు తల్లీ, పక్కన పెళ్ళికూతురికి చోటు లేదు" అని నలుగురిలో అన్నప్పటినుంచీ అక్కకు ఆమె పొడ గిట్టదు.

అక్క చెక్క ముక్క తీసి యజమాని ముందు ఠపీమని పెట్టింది.

"మా వాడు నిద్రపోయాడన్నదెవరు? ఈ ముక్క మీద చెయ్యి వేసి చూడండి. చూశారా నూగు? కలప కణం గోడంటే ఏంటో తెలుసా? సెల్యులోజ్ ఇనుప చువ్వలు, చుట్టూ లిగ్నిన్ కాంక్రీటు, రెండిటినీ పట్టి కట్టే తీగలు హెమీసెల్యులోజ్. మూడూ కుదిరితేనే గోడ. వెడల్పాకుల చెట్టు ఏటవాలులో వంగి పెరిగిందనుకోండి, అది ఊరికే ఉండదు. తనను తాను పైకి లాక్కోవడానికి పైవైపు కణాల్లో ఇంకో పొర కట్టుకుంటుంది. అందులో కాంక్రీటు ఉండదు, దాదాపు అన్నీ చువ్వలే, కోస్తే నూగులా లేచేవి అవే. బతికున్నన్నాళ్ళూ ఆ పొర చెట్టును తాడులా లాగుతూనే ఉంటుంది. కోసి ఆరబెడితే నిలువునా ముడుచుకుపోయి పలకను మెలితిప్పేస్తుంది. అలాంటి చెట్లు కొని తెచ్చినవాళ్ళను వదిలేసి వేడిగదివాణ్ణి అంటారేంటి?"

"ఏ చెట్టమ్మా వంగింది?" పిన్ని గోడ నుంచి లేచింది. "ఒక్కొక్కటీ చదును నేలలో స్తంభంలా నిలబడ్డ చెట్టు. నా చేత్తో ముద్ర కొట్టాను."

"నీకేం తెలుసు? గోడల లోపల ఏముందో నీ సుత్తికి తెలుస్తుందా?"

"లోపలి సంగతి నాకు తెలీదు, బయట నిలబడ్డ చెట్టు కనిపించదా? అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ తమ్ముడికి నోరు లేదా? వాడి తరఫున నువ్వొచ్చావేం? ఊయల్లోంచి ఇంకా దించలేదా?"

ఆ మాటతో అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆ తరవాత ఏమందో ఆమెకే సరిగా గుర్తులేదు. చెట్లు అమ్మేవాళ్ళతో కుమ్మక్కయ్యావంది, కళ్ళు పోయాయంది, నీలాంటిదాన్ని తోటలోకి పంపినవాణ్ణి అనాలంది. రంపాలు ఆగిపోయి పనివాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. యజమానికి చదువుకున్నవాళ్ళు గట్టిగా మాట్లాడితే భయం.

"పిన్నీ, ఇక నువ్వు రావద్దు. రేపొచ్చి సుత్తి, బండి అప్పగించెయ్యి," అన్నాడు అతను. తరవాత ఫోర్‌మన్‌తో, "ఆ పలకలు రేపు మధ్యాహ్నానికి బాయిలర్‌లోకి తోయించు, చోటు కావాలి," అన్నాడు. "మేడమ్, మీ మైక్రోస్కోప్ ఫోటో ఒకటి ఇప్పించండి. చెట్లు అమ్మినవాడి మొహాన కొడతాను."

పిన్ని అక్క వైపు ఒక్క చూపు చూసి పనివాళ్ళను తోసుకుంటూ వెళ్ళిపోయింది. గుంపు వెనక తమ్ముడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పాపం, ఎంత అవమానపడ్డాడో, అనుకుంది అక్క. పోతూ పోతూ షెడ్డు పక్కన కుప్ప పోసిన పలకల్లోంచి ఒక చివర విరిచి సంచిలో వేసుకుంది. ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పకూడదని పిల్లలకు ఏటా పాఠం చెప్పేది ఆమే మరి.

మధ్యాహ్నం ప్రయోగశాలలో ఎవరూ లేరు. అక్క రెండు ముక్కలనూ చల్లటి నీళ్ళలో నానబెట్టి మెత్తపరచి, చెక్కుడు యంత్రపు బ్లేడు కింద పెట్టింది. పలచటి పొరలు చుట్టలు చుట్టుకుంటూ లేచాయి. వాటిని కుంచెతో ఎత్తి రెండు రంగుల్లో ముంచింది. ఎర్ర రంగు లిగ్నిన్‌ను పట్టుకుంటుంది. నీలం లిగ్నిన్ లేని చోట సెల్యులోజ్‌ను పట్టుకుంటుంది. అబద్ధం చెప్పడం ఆ రంగులకు చేతకాదు.

ముందు తమ్ముడిచ్చిన ముక్క. ఒక్కో కణం లోపల, ఎర్ర గోడను అంటీ అంటకుండా, దళసరి నీలి పొర. ఇంత చక్కటి వాలు కలప ఆమె ఎప్పుడోగానీ చూడలేదు. గట్టిగా నవ్వి ఫోటో తీసింది. "ఇప్పుడేమంటావే పిన్నీ?" అని ఖాళీ గదిలో పైకే అంది.

తరవాత కుప్పలోంచి తెచ్చిన ముక్క. కళ్ళు ఆనించి చూసింది. కటకం తుడిచి మళ్ళీ చూసింది. నీలం లేదు. మచ్చుకైనా లేదు. అంతా ఇటుక ఎరుపు, నిక్షేపంలాంటి లిగ్నిన్ గోడలు. కాని ఆ గోడలు ఉండాల్సినట్టు లేవు. గుండ్రంగా తెరుచుకుని ఉండాల్సిన కణాలు ఎవరో తొక్కినట్టు అణిగి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చివరికి నీళ్ళు మోసే పెద్ద గొట్టాలు కూడా నొక్కుకుపోయాయి.

అలా ఎప్పుడవుతుందో అక్కకు బాగా తెలుసు. కణం నిండా నీళ్ళున్న పచ్చి కలపను ఓపిక పట్టకుండా ఒక్కసారి వేడెక్కిస్తే అవుతుంది. తడి వేడికి గోడలు మెత్తబడతాయి, పోయే నీరు పోతూ పోతూ వాటిని లోపలికి లాగేస్తుంది. చెట్టు వంగిందా నిలబడిందా అన్నదానితో దానికి పని లేదు. అది వేడిగదిలో జరిగే పని, వేడి పెంచే చేతి పని.

మరి ఆ మొదటి ముక్క? అక్క దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి మామూలు కళ్ళతో, మొదటిసారిగా తిన్నగా చూసింది. అడ్డకోత మీద ఏటేటా పెరిగిన వలయాలు విరిగిన చేతిగాజుల ముక్కల్లా బాగా వంపు తిరిగి ఉన్నాయి. పెద్ద మాను నుంచి కోసిన పలకలో వలయాలు అంత వంపు తిరగవు. ఇది మాను కాదు, కొమ్మ. కొమ్మ ఎప్పుడూ వాలే ఉంటుంది, దాని పైవైపు ఎప్పుడూ నీలమే. కొమ్మను కోసి పలకలు చేసేవాడు లోకంలో లేడు. ఈ ముక్క వంటచెరుకు కుప్పలోది.

ఎంచి ఎంచి తెచ్చాడు. ఏ ముక్క చూపిస్తే అక్క మరోసారి చూడకుండా లేచి వెళ్ళి గొంతు చించుకుంటుందో వాడికి తెలుసు, ఎందుకంటే నేర్పింది ఆమే. ముందు సిగ్గేసింది. పిన్ని చూసిన ఆ ఒక్క చూపు గుర్తొచ్చింది. ఆ తరవాత వచ్చిన కోపం పొద్దుటి కోపంలాంటిది కాదు. దానికి చప్పుడు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు వంటింట్లో పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మరదలు వడ్డిస్తోంది. అక్క రెండు ముక్కలనూ కంచం పక్కన పెట్టింది.

"ఈ కొమ్మ ఎక్కడిదిరా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది వాడికి. ముద్ద చేతిలోంచి కంచంలోకి జారింది.

"నిద్రపోలేదని ఒట్టేశావు కదా?" అంది మరదలు.

"నిద్రపోలేదు. వేడి పెంచాను," అన్నాడు వాడు కంచం వైపే చూస్తూ. "ఆ ఫోర్‌మన్ అందరి ముందూ నన్ను నత్త అన్నాడు. నీకంటే ఎండే నయం, చవగ్గా ఆరబెడుతుందన్నాడు. గడువుకంటే ముందే సరుకు తీసి చూపిస్తానని పంతం పట్టాను. మొదటిరోజే వేడి పెంచేశాను. ఇంతవుతుందనుకోలేదక్కా."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. నా చదువును నాకే గాలమేసి పడతావురా? ఆ పిన్ని ఉద్యోగం తీయించావు కదరా!"

"నేను ముక్కే ఇచ్చాను. అరిచింది నువ్వు."

అక్క చెయ్యి లేచింది. ఆ చెయ్యి వాడి మీద ఎన్నోసార్లు లేచింది కాని ఒక్కసారీ పడలేదు. అప్పుడూ పడలేదు. వాడన్నది నిజం, అదే ఆమెను దహించింది. వాడు అబద్ధం చెప్పాడు సరే, దాన్ని నలుగురిలోకి మోసుకెళ్ళి డప్పు కొట్టింది ఎవరు?

"అక్కా, రేపు మధ్యాహ్నానికి పలకలు కాలిపోతాయి," వాడు గొంతు తగ్గించాడు. "పిన్ని ఎలాగూ పోయింది, ఇంకోచోట దొరుకుతుంది ఆవిడకు పని. నీ దగ్గర నీలం ఫోటో ఉందిగా? అది అబద్ధం కాదు కదా. అదొక్కటి ఇచ్చెయ్. నా ఉద్యోగం నిలబడుతుంది."

"ఆ పలకలు ఎందుకు కాలాలిరా?" అక్క గొంతు పెరిగింది. "గోడలు చిరగలేదు, కుంగాయంతే. చెమ్మ పూర్తిగా పోకముందే మళ్ళీ గదిలో పెట్టి ఆవిరి పడితే ఆ గోడలు మెత్తబడి ఉబ్బుతాయి, చాలావరకు లేచి నిలబడతాయి. పాడైంది చెట్టని చెబితే అన్నీ బూడిదే. పాడు చేసింది నువ్వని చెబితే బడిపిల్లలకు బల్లలొస్తాయి. ఏం చెప్పమంటావు?"

వాడు చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. మరదలు కంచం తీస్తూ, "మొక్కై వంగనిది మానై వంగునా వదినా," అంది. ఎవరిని అందో అక్క అడగలేదు.

మర్నాడు అక్క ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి దుంగల పిన్ని యజమాని బల్ల మీద సుత్తి పెట్టి, బండి తాళం దాని పక్కన పెడుతోంది. అక్క గదిలోకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, నిన్న ఎంత గొంతుతో అరిచిందో అంత గొంతుతోనే చెప్పింది, పనివాళ్ళందరికీ వినపడాలని. నిన్న నేనన్నది తప్పు. నేను తెచ్చింది కొమ్మ ముక్క. పిన్ని కొన్న చెట్లు నిటారు చెట్లే, వాటి గోడలు బంగారంలా ఉన్నాయి. వేడి తొందరపడి పెంచడంవల్ల కుంగాయి. ఇవాళే ఆవిరి పట్టిస్తే పలకలు దక్కుతాయి.

"పిన్నీ, నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెబుతున్నాను. తప్పయింది," అంది. "వాడిమీద మాత్రం కోపం పెట్టుకోకు. చిన్నవాడు, తొందరపడ్డాడు. వాడి తరఫున కూడా నేనే క్షమించమని అడుగుతున్నాను."

పిన్ని అంతవరకూ మెత్తబడుతూనే ఉంది. ఆ చివరి మాట విని మళ్ళీ కళ్ళెర్ర చేసింది.

"చిన్నవాడా? మీసాలు నెరుస్తున్నాయి వాడికి! ఏడీ వాడు?"

"ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు," అన్నాడు ఫోర్‌మన్.

"చూశావా? నిన్న వాడి బదులు తిట్టావు. ఇవాళ వాడి బదులు ఏడుస్తున్నావు. నీ తప్పుకు నువ్వు చెప్పుకున్నావు, తీసుకున్నాను, అక్కడికి సరి. వాడి తప్పు నీ నోటినుంచి నేను తీసుకోను. వాడొచ్చి నా మొహం చూసి చెప్పేదాకా ఆ సుత్తి ముట్టుకోను."

తిట్టి ఉంటేనే నయమనిపించింది అక్కకు. రాత్రంతా నిద్రలేకుండా ఆలోచించి తాను చేసిన ధైర్యం ఇది! దీంట్లోనూ వాడికి గొడుగు పట్టే వచ్చింది.

యజమాని కుర్చీలోంచి లేచాడు. "ఆవిరి కవాటాలు తిప్పడం వాడికే తెలుసు. మధ్యాహ్నందాకా బాయిలర్ ఆపుతాను. వస్తే నా ముందు, పిన్ని ముందు నిలబడి చెప్పి, తరవాత వేడిగదిలోకి వెళ్ళాలి. ఉద్యోగం ఉంచుతానని మాత్రం మాటివ్వను."

అక్క ఇంటికి నడిచింది. చెప్పుల చప్పుడు లేదు. ముందు గదిలో తమ్ముడు ముసుగు తన్ని పడుకున్నాడు. మరదలు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, లోపలికి పోవడం ఇష్టం లేనట్టు. అక్క దుప్పటి లాగేసింది.

"లే."

"ఏమన్నారు?"

"లేరా!"

"చెప్పేశావా? చెప్పేశావుగా, ఇంక నేనెందుకు?"

"నా తప్పు నేను చెప్పుకున్నాను. నీది అక్కడే ఉంది, నీకోసం కాసుక్కూర్చుంది. పిన్ని ముందు నిలబడి చెప్పు. తరవాత వెళ్ళి ఆవిరి పట్టు. మధ్యాహ్నం దాటితే పలకలు బూడిద."

"ఉద్యోగం తీసేస్తారక్కా."

"తీసేస్తారేమో."

వాడు ఆమె మొహంలో వెతికాడు. ఇంకేదో మాట వస్తుందని, ఎప్పటిలా చివర్లో ఒక మెత్తటి మాట వస్తుందని చూశాడు. అది ఆమె గొంతుదాకా వచ్చింది కూడా. పళ్ళ బిగువున మింగేసింది. వాడు లేచి చొక్కా తొడుక్కున్నాడు. అక్క చెయ్యి అలవాటుగా గోడ మేకుకున్న సంచి మీదికి పోయింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

వాడు వీధిలోకి దిగి ఆగాడు. "నువ్వు కూడా రా అక్కా. నువ్వు పక్కనుంటే చెప్పగలను."

"రాను."

"ఒక్కసారికి."

"రాను పో!"

తలుపు వేసేసి గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. కోపం ఇంకా తగ్గలేదు, వాడిమీదా తగ్గలేదు, తనమీదా తగ్గలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. మరదలు వచ్చి ఆ తలుపు తెరవకుండా ఆమె పక్కనే నిలబడింది. బయట చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత వీధిలో వాడి చెప్పులు కదిలాయి, అచ్చం అక్క చెప్పుల్లాగే టపటపమంటూ, కర్మాగారం వైపు.